కన్ను ముందు, చెవి వెనుక

రాజమహేంద్రవరమున మా నాయనగారు రేడియోలో వినుచుండిన క్రికెట్టును కన్నులార చూడగోరి విశాఖపట్టణము పోయితిని. 2005 ఏప్రిల్ 5వ తేదీన మధురవాడ మైదానమున భారత, పాకిస్తాను జట్లు తలపడెను. అంతకుముందు నాలుగు ఆటలలో రాణింపని ధోనీ నాడు 123 బంతులలో 148 పరుగులు చేసెను.

నేను పై వరుసలో, పిచ్‌కు నూరు మీటర్లకు పైబడిన దూరమున కూర్చుంటిని. బంతి యెగిరిన పిదప గాని బ్యాటు చప్పుడు వినబడలేదు! వెలుతురు తత్‌క్షణమే కంటికి చేరును. ధ్వని సెకండునకు సుమారు 340 మీటర్లే పోవును. కావున అంత దూరమునకు సెకండులో మూడవవంతు ఆలస్యము.

ఇంట ఈ మాట చెప్పగా నాయనగారు నవ్వి, "రేడియోలో నాకెప్పుడును చప్పుడే ముందు, నాయనా! బంతి యెటు పోయినదో నీవు చెప్పుము" అనిరి. ఆ రాత్రి చాలసేపు చెప్పుచునే యుంటిని.