ఆరో నెలలో పాపాయి ఎందుకు పాలిపోయింది?



మా తోటికోడలి చెల్లెలికి తొలిచూలు ఆడపిల్ల పుట్టింది. అయిదో నెల దాకా ముద్దబంతి పువ్వులా ఉన్న పాప ఆరో నెల వచ్చేసరికి తెల్లగా పాలిపోయింది. పాలు సరిగా తాగదు, పొట్ట ఉబ్బింది. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. ఆఖరికి అత్తగారు, "నీ పాలల్లోనే ఏదో దోషం ఉందమ్మా! లేకపోతే పుట్టినప్పుడు బాగున్న పిల్ల ఇప్పుడెందుకిలా అవుతుంది?" అని అననే అన్నది. రక్తపరీక్ష చేయిస్తే తలసీమియా అని తేలింది.

అత్తగారన్న మాట తప్పే. కాని ఆవిడ అడిగిన ప్రశ్న మాత్రం మంచి ప్రశ్న. పుట్టుకతో వచ్చిన జబ్బు ఆరు నెలలు ఎక్కడ దాక్కున్నట్టు?

మన రక్తానికి ఎరుపునిచ్చేది హిమోగ్లోబిన్. ఒళ్ళంతా ప్రాణవాయువును మోసుకుపోయేది అదే. కడుపులో ఉన్న బిడ్డ ఊపిరి పీల్చదు కదా! తల్లి రక్తం నుంచే ప్రాణవాయువును లాక్కోవాలి. అందుకని బిడ్డకు వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది. దానికి ప్రాణవాయువును పట్టుకునే గుణం ఎక్కువ. పుట్టిన రోజున బిడ్డ రక్తంలో సగానికి పైగా ఈ రకమే. ఏడాది తిరిగేసరికి నూటికి ఒకటో రెండో వంతులు మిగులుతుంది. దాని స్థానంలో పెద్దవాళ్ళ హిమోగ్లోబిన్ వస్తుంది.

ఈ మార్పు చేసేదెవరు? మనింట్లో అమ్మమ్మగారి నాటి వంటల పుస్తకం ఉందనుకోండి. ఆ పుస్తకాన్ని పొయ్యి దగ్గర పెట్టుకోం. కావలసిన వంటకాన్ని చీటీ మీద రాసుకుని వంటింట్లోకి తీసుకువెడతాం. కణంలో జన్యువులూ అంతే. జన్యువుకు నకలు తీస్తేనే పని జరుగుతుంది. ఈ నకలు తీయడాన్నే ట్రాన్స్‌క్రిప్షన్ అంటారు. అయితే కొన్ని జన్యువుల పని, ఇంకో జన్యువుకు నకలు తీయనివ్వకుండా అడ్డుపడటమే! అలాంటిదే బి.సి.ఎల్.11ఎ. మనకున్న క్రోమోజోముల్లో రెండోదాని మీద ఉంటుంది. ఇది తయారుచేసే ప్రోటీన్, కడుపులోని బిడ్డకు పనికొచ్చే హిమోగ్లోబిన్ జన్యువు ముందు కూర్చుని, "ఇక నీతో పని లేదు" అన్నట్టు దాని నోరు మూయిస్తుంది. పుట్టుక ముందు ఎర్రకణాల్లో దీని జోరు తక్కువ, ఆ తరవాత పెరుగుతుంది.

ఇప్పుడు మన పాపాయి సంగతి చూడండి. తనకు పెద్దవాళ్ళ హిమోగ్లోబిన్ తాలూకు జన్యువులో లోపం ఉంది. మొదటి నెలల్లో పాత రకమే గట్టెక్కించింది. పాతది మూతపడి, కొత్తది అందుకోలేకపోయేసరికి రక్తం తగ్గిపోయింది. అంతేగాని తల్లిపాలకూ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఆదిలాబాద్, విశాఖ మన్యాల్లోని గిరిజనుల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బు కూడా ఇలాగే పసితనంలో దాగి ఉంటుంది. ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు అది. 1948లో న్యూయార్క్‌లో డాక్టర్ జానెట్ వాట్సన్ అనే ఆవిడ, అప్పుడే పుట్టిన పిల్లల్లో కణాలు అంతగా వంగడం లేదని గమనించి, కడుపులోని నాటి హిమోగ్లోబినే వాళ్ళను కాపాడుతున్నదని ఊహించారు. ఆ హిమోగ్లోబిన్‌ను అణిచేది బి.సి.ఎల్.11ఎ అని 2008లో అమెరికాలోని బోస్టన్‌లో స్టువర్ట్ ఆర్కిన్, విజయ్ శంకరన్ బృందం తేల్చింది.

మరి ఈ జన్యువును తీసిపారేస్తే సరిపోదా అంటారేమో! కుదరదు. మెదడు ఎదగడానికీ, మరికొన్ని రక్తకణాలకూ ఇది కావాలి. అందుకని శాస్త్రజ్ఞులు ఎర్రకణాల్లో మాత్రమే దాని జోరు పెంచే చిన్న భాగాన్ని పట్టుకున్నారు. రోగి మూలకణాలను బయటికి తీసి, ఆ భాగాన్ని కత్తిరించి, తిరిగి ఎక్కిస్తారు. నిద్రపోయిన పాత హిమోగ్లోబిన్ మళ్ళీ మేలుకుంటుంది. కాస్‌జెవీ అనే ఈ చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతినిచ్చాయి. అమెరికాలో దానికి పెట్టిన ధర 22 లక్షల డాలర్లు! పైగా ముందుగా బలమైన మందులతో మూలుగను ఖాళీ చేయాలి. మనబోటివాళ్ళకు అందేది కాదు.

మనకు అందేది ఒకటుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ ఈ లోపాన్ని మోస్తుంటేనే బిడ్డకు పెద్ద జబ్బు వస్తుంది. అదీ ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మోసేవాళ్ళు పైకి ఆరోగ్యంగానే ఉంటారు. మహా అయితే కాస్త రక్తం తక్కువగా ఉంటుంది, ఇనుము టానిక్కు తాగినా లొంగదు. హిమోగ్లోబిన్ రకాలు చూపే రక్తపరీక్ష ఒక్కటి చేయిస్తే బయటపడుతుంది. పెళ్ళికి ముందే చేయించండి. మేనరికాలున్న ఇళ్ళలో మరీ ముఖ్యం. అది కుదరకపోతే నెల తప్పిన వెంటనే చేయించండి. జాతకాలు చూపించుకునేవాళ్ళం, ఈ కాగితం కూడా చూసుకుంటే పోయేదేముంది?

మా పాపకిప్పుడు ఏడేళ్ళు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కిస్తారు, ఒంట్లో చేరే ఇనుమును తీసేసే మందు రోజూ వేస్తారు. బడికి వెడుతోంది. ఆసుపత్రికి వెళ్ళిన రోజున కేరియర్ పట్టుకుని పక్కన కూర్చునేది ఆ అత్తగారే. పాల మాట ఆవిడ మళ్ళీ ఎత్తలేదు. కోడలు మాత్రం ఇంకా మరిచిపోలేదు. అలాంటి మాట మరో ఇంట్లో పడకూడదనే ఇవాళ ఇదంతా చెప్పుకొచ్చాను.

సెలవు.

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)