కోత కుదిరితేనే కూలి గిట్టేది!

* ఇంటి షెడ్లలో లేత్‌కు ఇచ్చే విలువ కటింగ్ మెషిన్‌కు ఏదీ?
* చక్రం మందం నుంచి పళ్ల లెక్క దాకా.. అన్నీ లాభనష్టాలే
* కంటికి, వేలికి చేటు రాకుండా చూసుకోవాలి

హొసూరు: ఇంటి వెనుక రేకుల షెడ్డు.. అందులో ఓ లేత్, ఓ డ్రిల్లింగ్ మెషిన్.. గోడ వారన ఇరవై అడుగుల కమ్ములు. హొసూరు చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు ఈ దృశ్యం కొత్తేం కాదు. 1970లలో సిప్కాట్ పారిశ్రామికవాడ మొదలయ్యాక, అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ వంటి పెద్ద కంపెనీలు వచ్చాక ఊరి రూపే మారిపోయింది. ఐటీఐ చదివి టర్నర్లుగా, ఫిట్టర్లుగా చేరినవారు పని పట్టుబడ్డాక సొంతంగా జాబ్ వర్క్ పెట్టుకోవడం మామూలైంది. బుష్షులు, పిన్నులు, స్పేసర్లు, స్టడ్లు.. ఏది చేయాలన్నా మొదటి పని ఒక్కటే. పొడవాటి కమ్మిని ముక్కలు చేయాలి.

చిక్కంతా ఇక్కడే. అప్పు చేసి లేత్ కొంటారు. టూల్స్ కొంటారు. కోతకు మాత్రం చేతికందిన గ్రైండర్‌తో సరిపెట్టుకుంటారు. ముక్క వంకరగా తెగితే లేత్‌పై ఫేసింగ్‌కు ఎక్కువ టైమ్. ఎక్కువ మందంగా తెగితే మెటీరియల్ నష్టం. ఇక చక్రం పగిలితే మనిషికే నష్టం. అందుకే ఏ కోతకు ఏ పనిముట్టు సరిపోతుందో ఓసారి చూద్దాం.

మూడు భాషలు.. ఒకే రంపం

సరిహద్దు షెడ్డులో మాట కూడా మూడు రకాలే. తెలుగువారు కమ్మి అంటే తమిళులు, కన్నడిగులు కంబి అంటారు. మన రంపం తమిళంలోనూ రంబమే, కన్నడంలో మాత్రం గరగస. ఎవరు ఏ పేరుతో పిలిచినా బ్లేడుకు తెలిసిన సూత్రం ఒక్కటే.. పళ్లు లోహాన్ని కొరకాలి, రుద్దకూడదు. రుద్దితే వేడి పుడుతుంది, పళ్లు అరుగుతాయి, పని సాగదు.

చేతి హాక్సాను చులకన చేయొద్దు

రోజుకు రెండు మూడు ముక్కలు కోసేవారికి హాక్సా ఫ్రేమ్, గట్టి బెంచ్ వైస్ చాలు. 12 అంగుళాల బ్లేడుపై 18, 24, 32 అని అంకెలుంటాయి. అంగుళానికి ఎన్ని పళ్లు ఉన్నాయో చెప్పే లెక్క అది. నిండు కమ్మికి 18 పళ్ల బ్లేడు, పలుచని పైపుకు 32 పళ్లది వాడాలి. కోసే మందం మీద ఎప్పుడూ కనీసం మూడు పళ్లు ఆనాలన్నది గుర్తు. అంతకు తగ్గితే పైపు అంచు పళ్ల సందులో ఇరుక్కుని పళ్లు ఊడతాయి.

పళ్లు ముందుకు చూసేలా బ్లేడు బిగించాలి. ముందుకు తోసేటప్పుడు ఒత్తిడి, వెనక్కి లాగేటప్పుడు వదులు. నిమిషానికి 40, 50 తోపులు మించనక్కరలేదు. బ్లేడు మధ్య భాగంతోనే గబగబా లాగితే అక్కడే అరిగిపోయి, రెండు కొనలూ కొత్తగా మిగిలిపోతాయి. కోత మధ్యలో బ్లేడు మార్చాల్సి వస్తే పాత గాడిలోనే కొత్త బ్లేడు పెట్టొద్దు. కొత్త బ్లేడు పళ్లు వెడల్పుగా ఉండి పాత గాడిలో పట్టేస్తాయి. కమ్మిని తిప్పి అవతలి వైపు నుంచి మొదలుపెట్టాలి. పాత ఫిట్టర్లు కుర్రాళ్లకు చెప్పేదీ ఇదే.. ‘నిదానంగా కోయి నాయనా, ఇనుము యాడికీ పోదు’ అని.

చిన్న గ్రైండర్.. పెద్ద గండం

షాపుల్లో ఏజీ4 అని పిలిచే 4 అంగుళాల గ్రైండర్ లేని షెడ్డు లేదు. చవక, తేలిక, ఎక్కడికైనా మోసుకెళ్లొచ్చు. పలుచని చక్రం వేస్తే చిన్న కమ్మి క్షణాల్లో తెగుతుంది. అయితే ఎక్కువ గాయాలకు తావిచ్చేదీ ఇదే. చక్రం గాడిలో పట్టేసిందంటే గ్రైండర్ ఒక్కసారిగా ఎగిరి మనిషి మీదికే వస్తుంది. కోసేది వైస్‌లో బిగించకుండా కాలి కింద తొక్కిపెట్టి పని చేసేవారికి ఇది మరీ ముప్పు.

అన్నిటికంటే చెడ్డ అలవాటు మరొకటుంది. గార్డు పీకేసి, ఏజీ4కు 7 అంగుళాల చక్రం తగిలించడం. లెక్క చూడండి. ఏజీ4 నిమిషానికి సుమారు 11 వేల చుట్లు తిరుగుతుంది. 4 అంగుళాల చక్రం అంచు అప్పుడు గంటకు దాదాపు 207 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అదే గ్రైండర్‌కు 7 అంగుళాల చక్రం వేస్తే అంచు వేగం 370 కిలోమీటర్లు దాటుతుంది. చక్రం తట్టుకునేది సెకనుకు 80 మీటర్లు, అంటే గంటకు 288 కిలోమీటర్లే. పైగా ఆపడానికి గార్డు కూడా లేదాయె. పగిలితే ముక్క ఎక్కడ తగులుతుందో చెప్పనక్కరలేదు.

చక్రం మీద రాసి ఉన్న గరిష్ఠ వేగం, మెషిన్ ప్లేటు మీది వేగం కంటే ఎక్కువగా ఉందో లేదో చూసుకోవాలి. మధ్యలోని ఇనుప వలయంపై గడువు తేదీ కూడా ఉంటుంది. చక్రాన్ని కట్టి ఉంచే జిగురు కాలం గడిచేకొద్దీ, తేమ తగిలేకొద్దీ బలహీనపడుతుంది. గడువు తీరినది, కింద పడి అంచు విరిగినది పారేయాల్సిందే.

14 అంగుళాల కటాఫ్ మెషిన్

గేట్లు, గ్రిల్స్ చేసేవారి మెషిన్ ఇది. 355 మిల్లీమీటర్ల చక్రం, కింద వైస్, పైన పిడి. నొక్కితే తెగుతుంది. 40 మిల్లీమీటర్ల కమ్మిని కూడా నిమిషం అటూ ఇటూగా కోసేస్తుంది. యాంగిల్స్, చదరపు పైపులు, సన్న కమ్ములకు దీన్ని మించింది లేదు.

లేత్ పనికి మాత్రం రెండు ఇబ్బందులు. ఒకటి, చక్రం మందం సుమారు 3 మిల్లీమీటర్లు. ప్రతి కోతకూ అంత ఇనుము నిప్పురవ్వలై పోతుంది. రెండోది వేడి. మామూలు ఎంఎస్ కమ్మికి పెద్దగా నష్టం లేదు. ఈఎన్8, ఈఎన్24 లాంటి స్టీల్‌ను ఒత్తిపట్టి కోస్తే కొన ఎర్రబడుతుంది. తొందరకొద్దీ దాన్ని నీళ్లలో ముంచారో, ఆ కొన గట్టిపడిపోతుంది. తర్వాత లేత్‌పై ఫేసింగ్ చేస్తుంటే టూల్ మొన టప్పున విరుగుతుంది. తప్పు టూల్‌దని తిట్టుకుంటారు, అసలు తప్పు కోతది.

అల్యూమినియం కమ్మిని ఈ చక్రంతో అసలు కోయొద్దు. మెత్తని లోహం చక్రం రంధ్రాల్లో పూడుకుపోయి, చక్రం వేడెక్కి పగిలే ప్రమాదముంది. అల్యూమినియం పొడి పేరుకున్న చోట ఇనుప నిప్పురవ్వలు పడితే మంట కూడా లేస్తుంది.

పవర్ హాక్సా.. పాతదైనా నమ్మకస్తురాలు

చేతి రంపానికి మోటారు కట్టినట్టే ఇది. క్రాంక్ తిరిగితే బ్లేడు ముందుకూ వెనక్కూ ఆడుతుంది. మంచి మెషిన్లలో ఖాళీగా వెనక్కి వచ్చేటప్పుడు బ్లేడు కాస్త పైకి లేస్తుంది, దాంతో పళ్లు అరగవు. సగం కదలిక వృథానే కాబట్టి కోత నెమ్మది. అయితేనేం, లావు కమ్మిని బిగించి స్విచ్ వేసి మనిషి లేత్ దగ్గరికి పోవచ్చు. తెగిపోగానే స్విచ్ దానంతటదే ఆగే ఏర్పాటు ఉంటుంది. ఒక్కడే పని చేసుకునే షెడ్డులో ఇది రెండో మనిషితో సమానం. మరమ్మతు కూడా సులువు.

బ్యాండ్ సా వస్తే లెక్క మారుతుంది

రెండు చక్రాల మీద బెల్టులా తిరిగే బ్లేడు దీనిది. కోత ఆగకుండా ఒకే దిశలో సాగుతుంది. ఇంటి షెడ్డుకు సరిపోయే నాలుగున్నర అంగుళాల చిన్న మెషిన్ నుంచి ఫ్యాక్టరీల్లో వాడే పెద్దవాటి దాకా ఉన్నాయి. గాడి వెడల్పు ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లే. వేడి తక్కువ, చప్పుడు తక్కువ.

దీనికి కావలసింది మాత్రం ఓపిక. నిండు కమ్మిలో ఆరు నుంచి పన్నెండు పళ్ల దాకా ఆనేలా బ్లేడు ఎంచుకోవాలి. అంగుళం కమ్మికి 10/14 పళ్ల బ్లేడు, రెండంగుళాలదానికి 6/10 లేదా 5/8 బ్లేడు సరిపోతుంది. కొత్త బ్లేడుతో మొదటి కొన్ని కోతలు సగం ఒత్తిడితోనే కోయాలి. పళ్ల మొనలు అలవాటు పడితే బ్లేడు ఎక్కువ కాలం వస్తుంది.

కోత ఎలా ఉందో రాలే పొట్టే చెబుతుంది. సన్నగా మెలితిరిగి వస్తే బాగున్నట్టు. పొడిలా రాలితే ఒత్తిడి చాలనట్టు. నీలిరంగుకు తిరిగితే ఒత్తిడో వేగమో మితిమీరినట్టు. స్టెయిన్‌లెస్ స్టీల్‌తో మరింత జాగ్రత్త. వేగం తగ్గించి, ఒత్తిడి వదలకుండా కోయాలి. బ్లేడు కొరకకుండా రుద్దిందంటే ఆ చోటు గట్టిపడి, తర్వాత ఏ పన్నూ దిగదు.

కాగితం మీద లెక్క వేస్తే..

కమ్మి బరువుకు షెడ్లలో అందరికీ తెలిసిన సూత్రం ఉంది. మిల్లీమీటర్లలో వ్యాసాన్ని దాంతోనే గుణించి 162తో భాగిస్తే మీటరు ఉక్కు కమ్మి బరువు కిలోల్లో వస్తుంది. 40 మిల్లీమీటర్ల కమ్మి మీటరుకు 9.88 కిలోలు. ఆరు మీటర్ల కమ్మి 59 కిలోల పైమాట.

దాని నుంచి 25 మిల్లీమీటర్ల ముక్కలు కోయాలనుకుందాం. కటాఫ్ చక్రంతో ప్రతి ముక్కకూ 3 మిల్లీమీటర్లు పోతుంది కాబట్టి వచ్చేవి 214. ఒకటిన్నర మిల్లీమీటర్ల గాడి పడే బ్యాండ్ సాతో అయితే 226. వైస్ పట్టుకునే చివరి ముక్కను రెంటిలోనూ పక్కన పెట్టినా తేడా 12 ముక్కలు, దగ్గర దగ్గర మూడు కిలోల ఇనుము. ఒక్క కమ్మికే ఇంత. కోత వంకర తక్కువ కాబట్టి ఫేసింగ్‌కు వదిలే మార్జిన్ తగ్గించుకోవచ్చు, అక్కడ మిగిలేది అదనం. జాబ్ వర్క్‌లో ముక్కకు రూపాయీ రెండు రూపాయలూ చూసుకునేవారికి ఇది చిన్న విషయం కాదు.

అలాగని అందరూ బ్యాండ్ సా కొనాల్సిన పని లేదు. అప్పుడప్పుడూ కోసేవారికి హాక్సా, ఏజీ4 చాలు. గ్రిల్ పని అయితే కటాఫ్ మెషిన్. రోజూ ఒకే సైజు ముక్కలు వందల్లో కావాలంటేనే పవర్ హాక్సా లేదా బ్యాండ్ సా గిట్టుబాటు.

పక్కింటివారి నిద్రా ముఖ్యమే

ఇంట్లో షెడ్డు అంటే చుట్టూ ఇళ్లుంటాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించరాదు. రాత్రి అంటే పది గంటల నుంచి ఉదయం ఆరు దాకా. కటాఫ్ మెషిన్ చప్పుడు దగ్గరగా వంద డెసిబెల్స్ దాకా పోతుంది. ఆర్డర్ తొందరని రాత్రి పదకొండుకు కోత మొదలుపెడితే గొడవ వీధిలోకి వస్తుంది. కోత పని పగలే ముగించుకుని, రాత్రికి లేత్ పని పెట్టుకోవడం మేలు.

కరెంటు సంగతీ చూసుకోవాలి. 2,200 వాట్ల కటాఫ్ మెషిన్ తొమ్మిది, పది ఆంపియర్లు లాగుతుంది. 6 ఆంపియర్ల ప్లగ్గుకు తగిలిస్తే వైరు కాలుతుంది. 16 ఆంపియర్ల ప్లగ్గు, సరైన ఎర్త్ ఉండాల్సిందే. ఇంటి కనెక్షన్‌పై వ్యాపారం చేస్తే జరిమానా పడుతుంది, విద్యుత్ ఆఫీసులో అడిగి తగిన కనెక్షన్ మార్చుకోవాలి. 2020 జులై 1 నుంచి అమల్లో ఉన్న ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. ఆధార్‌తో సొంతంగా చేసుకోవచ్చు. బ్యాంకు లోన్‌కు వెళ్లినప్పుడు అది పనికొస్తుంది.

పాత మెషిన్ కొంటున్నారా?

బెంగళూరు ఎస్.జె.పి. రోడ్డుకో, పీన్యాకో వెళ్లి సెకండ్ హ్యాండ్ మెషిన్ తెచ్చుకునేవారు రంగు చూసి మోసపోవద్దు. రెండంగుళాల కమ్మిని అక్కడే కోయించి, తెగిన ముఖంపై ట్రై స్క్వేర్ పెట్టి చూడాలి. వెలుతురు కనిపిస్తే గైడ్లు అరిగినట్టు. బ్యాండ్ సా అయితే ఖాళీగా తిప్పి, బ్లేడు చక్రం మీద నిలకడగా ఉందో, పక్కకు జారుతోందో గమనించాలి. గేర్‌బాక్స్ చప్పుడు వినాలి. ఆ సైజు బ్లేడు దగ్గర్లో దొరుకుతుందో లేదో ముందే కనుక్కోవాలి. బ్లేడు దొరకని మెషిన్ ఎంత చవకైనా బరువే.

ఇవి మరవొద్దు

* కళ్లద్దాలు లేకుండా స్విచ్ వేయొద్దు. కంట్లో ఇనుప రవ్వ పడితే నలపడం, పక్కవాడితో గుడ్డ కొనతోనో అగ్గిపుల్లతోనో తీయించుకోవడం ప్రమాదం. ఒక్క రోజులోనే రవ్వ చుట్టూ కంట్లో తుప్పు పడుతుంది. నేరుగా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.
* లుంగీ, వేలాడే టవల్, వదులు చొక్కాతో మెషిన్ దగ్గరికి పోవద్దు. తిరిగే బ్లేడు దగ్గర గుడ్డ గ్లోవ్స్ వేసుకోవద్దు, అవే వేలిని లోపలికి లాగుతాయి.
* కొత్త చక్రం వేశాక ఎవరినీ ఎదురుగా ఉండనీయకుండా ఒక నిమిషం ఖాళీగా తిప్పాలి. చక్రం తిరిగే వరుసలో నిలబడొద్దు.
* కోసే చక్రం పక్క భాగంతో సాన పట్టొద్దు.
* పొడుగు కమ్మి రెండో కొన కింద అదే ఎత్తులో స్టాండ్ పెట్టాలి. లేకుంటే బరువుకు వంగి కోత మూసుకుపోతుంది, బ్లేడు విరుగుతుంది.
* పొట్టి ముక్కను వైస్ ఒక అంచున బిగిస్తే, రెండో అంచున అదే సైజు ముక్క ఇంకొకటి పెట్టాలి. లేకపోతే దవడ వంకర తిరిగి ముక్క ఎగురుతుంది.
* నిప్పురవ్వలు పడే వైపు థిన్నర్, నూనె గుడ్డలు, గ్యాస్ ట్యూబు ఉండకూడదు.
* బడి నుంచి వచ్చిన పిల్లలు ఆడుకునే చోటూ షెడ్డూ ఒకటే అయితే పని ఆగగానే ప్లగ్గు పీకేయాలి.