కువైట్ వలస: బయలుదేరే ముందు చదవవలసిన కాగితాలు

విషయక్రమం
1.0 లక్ష్యాలు
1.1 పరిచయం
1.2 నేపథ్యం
1.3 బయలుదేరే ముందు
1.4 చేరిన తరువాత
1.5 ఇబ్బంది ఎదురైతే
1.6 సారాంశం
1.7 నమూనా సమాధానాలు
1.8 మాదిరి పరీక్ష ప్రశ్నలు

1.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• వలస అనుమతి ఎవరికి అవసరమో చెప్పగలుగుతారు.
• కువైట్ వీసాలలో ముఖ్యమైన రెండు రకాల మధ్య తేడాను వివరించగలుగుతారు.
• ఏజెంటు అడిగే సొమ్ము చట్టబద్ధమో కాదో నిర్ణయించగలుగుతారు.
• కష్టంలో ఉన్న కార్మికునికి సాయం ఎక్కడ దొరుకుతుందో సూచించగలుగుతారు.

1.1 పరిచయం

ఈ పాఠం చదువుతున్న మీరు కువైట్‌కు పోకపోవచ్చు. కాని డోన్, ప్యాపిలి, బేతంచెర్ల ప్రాంతాలలో ఎక్కడ ఉన్నా, మీ వీధిలోనో బంధువులలోనో ఎవరో ఒకరు సెల్‌ఫోన్‌లో వచ్చిన వీసా కాగితాన్ని మీ ముందు పెట్టి, "ఇది మంచిదేనా, చూసి చెప్పు నాయనా" అని అడిగే రోజు రావచ్చు. ఆ కాగితం అరబిక్‌లో, ఇంగ్లీషులో ఉంటుంది. ఇంటిలో చదువుకున్నవారు మీరే. మీరు చెప్పే మాట మీదనే ఆ కుటుంబం అప్పు చేస్తుంది, లేదా మానుకుంటుంది.

పరాయి దేశంలో కార్మికునికి జరిగే మేలు కీడులలో చాలా భాగం ఇక్కడ, ఊరు దాటకముందే నిర్ణయమవుతుంది. అందుకే ఈ పాఠంలో కువైట్ వాతావరణం, వింతల కంటె కాగితాలకే ఎక్కువ చోటు ఇచ్చాం.

1.2 నేపథ్యం

కువైట్ 1946లో చమురు ఎగుమతి ప్రారంభించింది. 1961లో స్వతంత్ర దేశమయింది. 1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగిన తరువాత గల్ఫ్ దేశాలలో రోడ్లు, భవనాలు, ఓడరేవుల నిర్మాణం ఊపందుకుంది. పనివారి అవసరం ఏర్పడింది. అదే కాలంలో మన సీమలో వర్షాధారపు సేద్యం, వరుస కరువులు, ఎండిపోయిన బోర్లు జనాన్ని ఊరు విడవమన్నాయి. కడప ప్రాంతంలోని రాజంపేట, రాయచోటి, కోడూరు వైపు నుంచి కువైట్‌కు దారి పడింది. ముందుగా పోయినవారు బంధువులకు వీసాలు పంపారు. ఇలా బంధుత్వాల వెంట సాగే వలసను సామాజిక శాస్త్రజ్ఞులు గొలుసుకట్టు వలస అంటారు.

కడప ప్రాంతపు వలసలో ఒక ప్రత్యేకత ఉంది. ఇక్కడి నుంచి మగవారితో పాటు స్త్రీలు కూడా ఇంటిపనికి పెద్ద సంఖ్యలో వెళ్లారు. నాలుగు గోడల మధ్య జరిగే పనిపై ప్రభుత్వ తనిఖీ తక్కువ. కాబట్టి స్త్రీల విషయంలో కాగితాల ప్రాముఖ్యం మరింత ఎక్కువ.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షన్నరకు పైగా భారతీయులను జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా ఎయిర్ ఇండియా విమానాలలో స్వదేశానికి చేర్చవలసి వచ్చింది. యుద్ధం ముగిశాక వలస మళ్లీ మొదలయింది.

1.3 బయలుదేరే ముందు

1.3.1 పాస్‌పోర్టు, వలస అనుమతి

పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టు సాధారణంగా ఇ.సి.ఆర్. తరగతికి చెందుతుంది. అంటే వలస తనిఖీ అవసరమైన పాస్‌పోర్టు. ఇటువంటి వారు కువైట్‌తో సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే, 1983 నాటి వలస చట్టం ప్రకారం వలసదారుల సంరక్షణాధికారి అనుమతి పొందాలి. ఈ అధికారి కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. దరఖాస్తు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్ ద్వారా జరుగుతుంది.

ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు గల స్త్రీకి ఈ దేశాలలో ఇంటిపనికి అనుమతి కావాలంటే 30 ఏళ్లు నిండాలి. నియామకం కూడా ప్రభుత్వం గుర్తించిన సంస్థల ద్వారానే జరగాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అటువంటి ప్రభుత్వ సంస్థ.

ఈ నియమాలను తప్పించుకోవడానికి కొందరు దళారులు విజిట్ వీసాపై వేరే గల్ఫ్ దేశానికి పంపి, అక్కడి నుంచి కువైట్ చేరుస్తామంటారు. అలా వెళ్లిన వ్యక్తి పేరు వలస అనుమతి రికార్డులో ఉండదు. ఒప్పందమూ ఉండదు, తప్పనిసరి బీమా కూడా ఉండదు. విమానాశ్రయంలో ఆపకపోవడాన్ని అనుమతిగా భావించరాదు.

1.3.2 వీసా రకం

కువైట్ నివాస చట్టంలో అధికరణాల సంఖ్యను బట్టి వీసాలను గుర్తిస్తారు. మనం ముఖ్యంగా రెండింటిని తెలుసుకోవాలి.

20వ అధికరణం: ఇంటిపని వీసా. వంటపని, పిల్లల పోషణ, ఇంటి డ్రైవరు పని దీని కిందికి వస్తాయి. మనవారు దీనిని ఖాదిమ్ వీసా అంటారు.

18వ అధికరణం: ప్రైవేటు కంపెనీలలో పనిచేసేవారికి ఇచ్చే వీసా. వాడుకలో షూన్ వీసా.

ఖాదిమ్ వీసాపై వెళ్లినవారు కంపెనీలో గాని, మరొకరి ఇంటిలో గాని పనిచేస్తే అది అక్కడి చట్టానికి విరుద్ధం. "పోయినాక షూన్‌కు మార్పిస్తాం" అనే మాట నమ్మదగినది కాదు; ఆ మార్పు ప్రభుత్వం అనుమతించినప్పుడే సాధ్యం. "ఆజాద్ వీసా" అనే పేరుతో ఏ చట్టంలోనూ వీసా లేదు. కాగితంపై ఒక యజమాని పేరు ఉండగా మరెక్కడో పనిచేసుకోమని పంపడాన్నే అలా పిలుస్తున్నారు. పోలీసు తనిఖీలో దొరికితే శిక్ష పడేది కార్మికునికే.

1.3.3 ఏజెంటు, ఖర్చు

నియామక ఏజెంటుకు భారత విదేశాంగ శాఖ ఇచ్చిన లైసెన్సు ఉండాలి. లైసెన్సు గల ఏజెంట్ల జాబితా ఈ-మైగ్రేట్‌లో చూడవచ్చు. లైసెన్సుదారు కూడా సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై 18 శాతం జి.ఎస్.టి., మొత్తం 35,400 రూపాయలకు మించి తీసుకోరాదు. తీసుకున్న దానికి రసీదు ఇవ్వాలి.

ఈ పరిమితి ఎందుకు ముఖ్యమో ఒక లెక్క ద్వారా చూద్దాం. నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే ఒక వ్యక్తి కువైట్‌లో డ్రైవరు పని కోసం రెండు రూపాయల వడ్డీకి లక్షా యాభై వేలు తెచ్చి దళారికి ఇచ్చాడనుకోండి. జీతం 100 దినార్లు, దినారు విలువ 270 రూపాయలు అనుకుంటే నెలకు 27,000. అందులో 18,000 ప్రతినెలా అప్పుకే కడితే, బాకీ తీరడానికి తొమ్మిది నెలలు దాటుతుంది. అన్ని నెలలూ ఇంటికి పంపడానికి మిగిలేది తక్కువే. 35,400 రూపాయలతోనే వెళ్లి ఉంటే ఆ బాకీ రెండు నెలలు దాటగానే తీరిపోతుంది.

ఈ రెండింటి మధ్య తేడా కేవలం డబ్బు కాదు. మొదటి వ్యక్తి యజమాని చెడ్డవాడని మొదటి వారంలోనే తెలిసినా తిరిగి రాలేడు. కార్మికుణ్ణి చెడ్డ ఇంటిలో కట్టిపడేసేది చాలాసార్లు ఊరిలోని ప్రోనోటే.

1.3.4 ఒప్పందం, బీమా, సామాను

జీతం, పని స్వభావం, పనివేళలు, సెలవు, తిరుగు టికెట్టు ఒప్పందంలో రాసి ఉండాలి. ఒక నకలు ఇంటివద్ద ఉంచాలి. పాస్‌పోర్టు, వీసా, ఏజెంటు రసీదుల నకళ్లు కూడా ఇంటివారి వద్ద ఉండాలి.

ఇ.సి.ఆర్. కార్మికులకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియంతో, ప్రమాద మరణానికి లేదా శాశ్వత వైకల్యానికి 10 లక్షల రూపాయల రక్షణ లభిస్తుంది. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికుల వసతి భవనంలో జరిగిన అగ్నిప్రమాదంలో కనీసం 45 మంది భారతీయులు చనిపోయారు; వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వారు. బీమా కాగితం విలువ ఇటువంటి రోజున తెలుస్తుంది.

ఇతరుల పొట్లాలు, మందులు సంచిలో పెట్టుకోరాదు. మన వంటింటి గసగసాలు కూడా కొన్ని గల్ఫ్ దేశాలలో మాదకద్రవ్యాల కిందికి వస్తాయి. సొంత మందులకు డాక్టరు చీటీ ఉండాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. ఆజాద్ వీసా అంటే ఏమిటి?
2. లైసెన్సు గల ఏజెంటు గరిష్ఠంగా ఎంత తీసుకోవచ్చు?

1.4 చేరిన తరువాత

కువైట్ చేరిన కార్మికునికి వైద్యపరీక్ష, వేలిముద్రలు పూర్తయ్యాక ఇఖామా, అంటే నివాస అనుమతి, వేస్తారు. తరువాత సివిల్ ఐ.డి. కార్డు వస్తుంది. ఆసుపత్రికి, బ్యాంకుకు, పోలీసు తనిఖీకి ఇదే ఆధారం. ఇఖామా గడువు తీరే తేదీని కార్మికుడు స్వయంగా గుర్తుంచుకోవాలి. దానిని పొడిగించవలసింది యజమానే. అయినా గడువు దాటితే ఇబ్బంది కార్మికునిదే.

ఇంటిపనివారి హక్కుల కోసం కువైట్ 2015లో 68వ నంబరు చట్టం చేసింది. దీని ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పనిచేయించరాదు. వారానికి ఒక సెలవు, ఏడాదికొకసారి జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. పని ముగించి వచ్చేటప్పుడు ప్రతి ఏడాది సర్వీసుకు ఒక నెల జీతం చెల్లించాలి. కార్మికుని అంగీకారం లేకుండా పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోరాదు. 2016లో కనీస వేతనం 60 దినార్లుగా నిర్ణయించారు.

కంపెనీ కార్మికులకు 2010 నాటి 6వ నంబరు చట్టం వర్తిస్తుంది. అందులో పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. జూన్ నుంచి ఆగస్టు వరకు ఉదయం 11 నుంచి సాయంత్రం 4 గంటల దాకా ఎండలో ఆరుబయట పని నిషిద్ధం.

1.5 ఇబ్బంది ఎదురైతే

జీతం ఇవ్వకపోయినా, కొట్టినా, ఇల్లు వదిలి మరెక్కడో పనిలో చేరడం సరైన మార్గం కాదు. యజమాని "పారిపోయారు" అని కేసు పెడితే ఇఖామా రద్దవుతుంది. బాధితులే నేరస్థులుగా కనబడతారు. బయటికి రాక తప్పని స్థితిలో నేరుగా కువైట్ నగరంలోని భారత రాయబార కార్యాలయానికి వెళ్లాలి. ఇంటిపని చేసే స్త్రీలకు రాయబార కార్యాలయం ఆశ్రయం కల్పిస్తుంది. ప్రాణాపాయమైతే అక్కడి అత్యవసర నంబరు 112.

ఇక్కడి కుటుంబం చేయవలసిన పని కూడా ఉంది. విదేశాంగ శాఖ వారి మదద్ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత నంబరు 1800 11 3090. రాష్ట్రంలో ఏ.పి.ఎన్.ఆర్.టి. సొసైటీ ఇటువంటి కేసులలో తోడ్పడుతుంది. వీరందరూ మొదట అడిగేది పాస్‌పోర్టు నంబరు, యజమాని పేరు, సివిల్ ఐ.డి. నంబరు. ఇంట్లో నకళ్లు ఉంటే పది నిమిషాలలో ఫిర్యాదు పూర్తవుతుంది. లేకపోతే వారాలు పడుతుంది.

1.6 సారాంశం

కువైట్ వలస రాయలసీమకు కొత్త కాదు. ఎన్నో కుటుంబాలను నిలబెట్టింది. అయితే వలస అనుమతి, సరైన వీసా, రసీదుతో కూడిన పరిమిత ఖర్చు, ఒప్పందం, బీమా అనే అయిదింటిలో ఏది లోపించినా కార్మికుడు చట్టం రక్షణకు దూరమవుతాడు. నియమాలు మారుతూ ఉంటాయి కాబట్టి బయలుదేరే నాటికి ఈ-మైగ్రేట్‌లో మరొకసారి చూసుకోవాలి. మీ దగ్గరికి కాగితం తెచ్చినవారికి ఈ అయిదింటినీ చూపమనండి. అయిదూ లేకపోతే, అప్పు చేయవద్దని నిస్సంకోచంగా చెప్పండి.

1.7 నమూనా సమాధానాలు

1. చట్టంలో లేని వీసా. ఒక యజమాని పేరుతో వీసా తీసి, వేరొకచోట పనిచేసుకోమని పంపడాన్ని వాడుకలో అలా అంటారు.
2. జి.ఎస్.టి.తో కలిపి 35,400 రూపాయలు.

1.8 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. వలసకు ముందు చేసే అప్పు కార్మికుని స్వేచ్ఛను ఎలా పరిమితం చేస్తుందో ఉదాహరణతో వివరించండి.
2. కువైట్‌లో ఇంటిపనివారికి చట్టం కల్పించిన హక్కులను చర్చించండి.

II. 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. 18, 20 అధికరణాల వీసాల మధ్య తేడాలు.
2. గొలుసుకట్టు వలస.

III. అభ్యాసం
మీ ఊరిలో గల్ఫ్ వెళ్లివచ్చిన ఇద్దరితో మాట్లాడండి. పై అయిదు కాగితాలలో వారి దగ్గర ఏవి ఉండేవో, లేనివాటి వల్ల ఏమి జరిగిందో వారి పేర్లు రాయకుండా ఒక పేజీలో నమోదు చేయండి.