నవల నుంచి తెరకు: ఆసియా టెలివిజన్ ధారావాహికలపై ప్రేక్షకాభిప్రాయం – ఒక పరిశీలన

సారాంశం:
కొరియా, చైనా, జపాన్ దేశాల టెలివిజన్ ధారావాహికల్లో చాలావాటికి నవలలే మూలం. వాటిని చూసే తెలుగు ప్రేక్షకులు మూలంతో పోల్చి అభిప్రాయాలు చెబుతుంటారు. ఆ అభిప్రాయాలు ఏయే ప్రమాణాల మీద ఏర్పడుతున్నాయో, వాటిని పరిశోధనకు ఆకరంగా ఎలా స్వీకరించవచ్చో ఈ వ్యాసం వివరిస్తుంది. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’, కొరియన్ ధారావాహిక ‘వాట్స్ రాంగ్ విత్ సెక్రటరీ కిమ్’ ఇందుకు ప్రధాన ఉదాహరణలు.

కీలక పదాలు: అనుసరణ, ప్రేక్షకాభిప్రాయం, కొరియన్ ధారావాహిక, వెబ్ నవల, బంధువాచకాలు, అనువాదం.

1. ఉపోద్ఘాతం:
హైదరాబాదులోని తార్నాక పరిసరాలకు అనువాద చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. 1918లో ఉర్దూ బోధనా మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. దానికి కావలసిన పాఠ్యగ్రంథాల కోసం అంతకు ముందే, 1917లో, అనువాద సంస్థ ‘దారుల్ తర్జుమా’ పని మొదలుపెట్టింది. ఆ ప్రాంగణానికి పొరుగునే 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థగా మొదలై, నేడు ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా కొనసాగుతున్న సంస్థ ఉంది. అక్కడ కొరియన్, జపనీస్, చైనీస్ భాషలు బోధిస్తున్నారు. ఒక భాషలోని జ్ఞానం మరో భాషలోకి ఎలా వస్తుందన్న ప్రశ్న ఈ పరిసరాల్లో చాలాకాలంగా ఉన్నదే. వసతిగృహాల్లో మొబైలు తెర మీద కొరియన్ ధారావాహికలు చూసే విద్యార్థుల అనుభవంలోనూ అదే ప్రశ్న కొత్త రూపంలో ఎదురవుతోంది.

ఇటువంటి ప్రేక్షకుల అభిప్రాయాలను కాలక్షేపపు మాటలుగా తోసిపుచ్చడం సులభం. ఒకప్పుడు వారపత్రికల, మాసపత్రికల ధారావాహిక నవలలను, వాటి పాఠకురాళ్ళను కూడా ఇలాగే తేలికగా చూశారు. ఆనాటి పాఠకురాళ్ళు ఏమనుకున్నారో తెలుసుకోవాలంటే ఈనాడు ఆధారాలు వెతుక్కోవలసి వస్తోంది. నేటి ప్రేక్షకుల విషయంలో ఆ లోటు మళ్ళీ రాకూడదంటే వారి అభిప్రాయాలను ఇప్పుడే క్రమపద్ధతిలో సేకరించాలి.

2. తెలిసిన కథను మళ్ళీ చూడడం:
అనుసరణను లిండా హచియన్ తన 2006 నాటి సిద్ధాంత గ్రంథంలో నకలు కాని పునరుక్తిగా వివరించారు. మూలం తెలిసిన ప్రేక్షకులు రెండు కృతులనూ ఒకేసారి అనుభవిస్తారన్నది దాని సారం. తెలుగువారికి ఇది కొత్త సంగతి కాదు. భారత కథ తెలిసినవారే నన్నయను, తిక్కనను చదివారు. కథ తెలిసి కూడా రాత్రంతా కూర్చుని పౌరాణిక నాటకాలు చూశారు. వారి ఆసక్తి ‘ఏం జరుగుతుంది’ అన్నదానికన్నా ‘ఎలా చెప్పారు’ అన్నదాని మీదే ఉండేది. క్షేమేంద్రుడు చర్చించిన ఔచిత్యం ఇక్కడ ఉపయోగపడే కొలమానం. మూలం నుంచి ఎంత మారిందన్న లెక్క కన్నా, ఆ మార్పు పాత్రకు, సందర్భానికి, మాధ్యమానికి తగినదేనా అన్న ప్రశ్న ముఖ్యం.

చైనా రచయిత్రి తుంగ్ హ్వా 2005లో వెలువరించిన ‘బుబు జింగ్‌షిన్’ నవల దీనికి మంచి ఉదాహరణ. వర్తమానానికి చెందిన యువతి ఛింగ్ వంశపు రాజకుమారుల మధ్యకు వెళ్ళడం ఇందులోని కథ. ఇది 2011లో చైనాలో ధారావాహికగా వచ్చింది. 2016లో కొరియాలో ‘మూన్ లవర్స్’గా మారినప్పుడు కథాకాలం గొర్యో వంశపు తొలినాళ్ళకు మారింది. చైనా కథలో నాలుగవ రాజకుమారుడు యుంగ్‌జెంగ్ చక్రవర్తి అవుతాడు. కొరియన్ కథలో నాలుగవ రాజకుమారుడు గ్వాంగ్‌జోంగ్ రాజవుతాడు. దేశం, వంశం, కాలం మారినా, రాబోయే చరిత్ర తెలిసి కూడా దాన్ని ఆపలేని స్త్రీ వేదన మారలేదు. కథకు ప్రాణమేదో గుర్తించి దాన్ని నిలుపుకున్న అనుసరణ ఇది. ‘మూలంలో లేదు’ అన్న ఒక్కమాటతో ఇటువంటి మార్పులను తూచలేం.

3. ఇద్దరు సెక్రటరీలు:
యద్దనపూడి ‘సెక్రటరీ’ 1960లలో ‘జ్యోతి’ మాసపత్రికలో ధారావాహికగా వెలువడింది. 1976లో కె.యస్. ప్రకాశరావు దర్శకత్వంలో, డి. రామానాయుడు నిర్మాతగా చలనచిత్రమైంది. అక్కినేని నాగేశ్వరరావు, వాణిశ్రీ నాయికానాయకులు. జంగ్ క్యుంగ్-యున్ 2013 నాటి వెబ్ నవల మొదట వెబ్‌టూన్‌గా, తర్వాత 2018లో టీవీఎన్ చానెల్‌లో పదహారు భాగాల ధారావాహికగా వచ్చింది. వీటి మధ్య ప్రభావ సంబంధం ఉందని చెప్పడానికి ఆధారం లేదు. అయితే నిర్మాణంలో పోలిక స్పష్టం. సంపన్నుడైన యజమాని, అతని దగ్గర పనిచేసే ఆత్మాభిమానం గల యువతి, ఉద్యోగ సంబంధం ప్రేమగా మారడంలోని చిక్కులు రెండింటికీ సామాన్యం. కిమ్ మి-సో కథ తొమ్మిదేళ్ళ ఉద్యోగాన్ని వదులుకుంటానని ప్రకటించడంతో మొదలవుతుంది. జయంతి విషయంలోనూ ఆత్మాభిమానమే కథను నడిపిస్తుంది.

ప్రేక్షకాభిప్రాయం భిన్నంగా ఏర్పడేది పాత్రల రూపం దగ్గర. నవలలోని రాజశేఖరాన్ని పాఠకురాళ్ళు ఏళ్ళ తరబడి ఎవరికి వారు ఊహించుకున్నారు. చిత్రం వచ్చేనాటికి కథానాయకుడి వయస్సు ఐదు పదులు దాటింది. తెర మీది రాజశేఖరం అంతమంది ఊహలకు సరిపోవడం సాధ్యం కాదు. కొరియన్ కథకు నవలకూ తెరకూ మధ్య వెబ్‌టూన్ ఉంది. పాత్రల ముఖాలను, వేషాలను, హావభావాలను అది ముందే గీసి చూపింది. అందువల్ల అక్కడ పోలిక ఊహకూ తెరకూ మధ్య కాక, బొమ్మకూ తెరకూ మధ్య జరుగుతుంది. ‘నటుడు అచ్చం పాత్రలాగే ఉన్నాడు’ అన్న మెప్పు వెనుక ఈ మధ్యంతర రూపం ఉందని గుర్తించాలి.

4. బంధువాచకాల చిక్కు:
తెలుగు ప్రేక్షకుల్లో చాలామంది కొరియన్ సంభాషణలను ఆంగ్ల ఉపశీర్షికల ద్వారా గ్రహిస్తారు. కొన్ని ధారావాహికలు తెలుగు డబ్బింగుతోనూ లభిస్తున్నాయి. ఏ రూపంలో చూశారన్నది అభిప్రాయాన్ని మారుస్తుంది.

కొరియన్‌లో ‘ఒప్పా’ అంటే స్త్రీ తన అన్నను పిలిచే మాట. వయస్సులో పెద్దవాడైన ప్రియుణ్ణి కూడా అలాగే పిలుస్తుంది. ఆంగ్లంలో ఆ స్థానంలో తరచుగా పేరు పెడతారు. తెలుగులో ‘అన్నయ్యా’ అంటే ప్రేమకథ అక్కడే ముగుస్తుంది. ‘బావా’ అంటే ప్రేమకు, పెళ్ళికి అవకాశం ఉంటుంది కాని, మూలంలో లేని మేనరికం కథలోకి వచ్చి చేరుతుంది. పేరు పెట్టి పిలిస్తే చనువు మిగులుతుంది, వయస్సు పట్ల ఉన్న మన్నన పోతుంది. ఏది ఎంచుకున్నా కొంత నష్టం తప్పదు.

మరోవైపు తెలుగుకు ఒక సౌలభ్యం ఉంది. కొరియన్‌లో మన్నన పలుకుబడికి ‘జొందేమల్’, చనువు పలుకుబడికి ‘బన్‌మల్’ అని పేర్లు. ఒక పాత్ర మొదటిదాన్ని వదిలి రెండోదానికి మారడం ప్రేమకథలో మలుపు కావచ్చు. ఆంగ్లంలోని ఒకే మధ్యమ పురుష సర్వనామం ఆ మలుపును దాచేస్తుంది. తెలుగులో ‘మీరు’ నుంచి ‘నువ్వు’కు మారితే ప్రేక్షకురాలు వెంటనే పట్టుకుంటుంది. ఆంగ్ల ఉపశీర్షికలతో చూసి ‘వీళ్ళ ప్రేమ అకస్మాత్తుగా పుట్టింది’ అని ఒకరు అంటే, ఆ లోపం రచనదా, అనువాదానిదా అన్నది ముందు తేల్చుకోవాలి.

5. అభిప్రాయాన్ని ఆకరంగా స్వీకరించే పద్ధతి:
పై చర్చను బట్టి, ప్రేక్షకాభిప్రాయాలు సేకరించే పరిశోధకులు నాలుగు అంశాలు నమోదు చేయవలసి ఉంటుంది.

మొదటిది క్రమం. నవల ముందు చదివినవారు తెరలో లోపించినవి వెతుకుతారు. ధారావాహిక ముందు చూసినవారు నవలలో నటుల ముఖాలనే చూస్తారు. రెండవది రూపం. మూలభాష, ఉపశీర్షికలు, డబ్బింగు, ఆంగ్లానువాదం వీటిలో దేని ద్వారా గ్రహించారో తెలియాలి. మూడవది ప్రమాణం. విధేయత, ఔచిత్యం, నటన, ముగింపు వీటిలో దేన్ని బట్టి తీర్పు చెప్పారో విడదీయాలి. నాలుగవది ఆధారం. ఏ సన్నివేశాన్ని చూపి అలా అన్నారో అడగాలి. ఈ నాలుగూ ఉన్నప్పుడు ‘నవలే బాగుంది’ అన్న చిన్న వాక్యం కూడా విశ్లేషణకు లొంగుతుంది. లేనప్పుడు వంద అభిప్రాయాలు సేకరించినా అవి ఇష్టాయిష్టాల పట్టికగానే మిగులుతాయి.

6. ఉపసంహారం:
తెలుగు ప్రేక్షకులు ఆసియా ధారావాహికలను ఆదరిస్తున్నారు. వాటి మూల నవలలను మాత్రం తెలుగులో చదివే వీలు వారికి అరుదు. కనుక మూలంతో పోల్చి చెప్పే మాటలో ఆ ‘మూలం’ తరచుగా ఆంగ్లానువాదమే అవుతోంది. కొరియన్, చైనీస్ నవలలు నేరుగా తెలుగులోకి వస్తే ఈ పోలిక సమగ్రమవుతుంది. ‘ఒప్పా’ వంటి మాటలకు తెలుగు ఏ దారి వెతుకుతుందో కూడా తెలుస్తుంది. ఆ భాషలు నేర్చినవారు, తెలుగు సాహిత్యం చదివినవారు తార్నాకలో నడక దూరంలోనే ఉన్నారు. ఒక నవలను ఎంచుకుని ఇరువైపుల విద్యార్థులు కలిసి అనువదించడం, ఆ అనువాదాన్ని ధారావాహికతో పోల్చి పై పద్ధతిలో అభిప్రాయాలు సేకరించడం ఒక పరిశోధన ప్రణాళికకు సరిపడే పని.