జ్ఞానస్నానపు పుస్తకంలో కులం

మా విచారణ గురువుల గదిలో ఒక ఇనుప బీరువా ఉండేది. అందులో నాలుగు పెద్ద పుస్తకాలు: జ్ఞానస్నానాలు, భద్రమైన అభ్యంగనాలు, వివాహాలు, మరణాలు. మా నాన్న ఉపదేశి. ఫాదరుగారు ఊళ్ళు తిరిగివచ్చిన రాత్రి పేర్లు చదివి చెప్పడం ఆయన పని, రాసి సంతకం చేయడం ఫాదరుగారి పని. ఖమ్మం మైదానం ముగిసి భద్రాచలం అడవి మొదలయ్యే చోట మా విచారణ. ఇటు మాదిగపల్లెలు, మాలపల్లెలు, అటు కోయగూడేలు. గురువు ఒకరే, పుస్తకం ఒకటే. కానీ అందులోని సిరా ఇటువైపు చేసే పని వేరు, అటువైపు చేసే పని వేరు.

ఒక సాయంత్రం మా పల్లెకు చెందిన కూలీ ఒకాయన బిడ్డనెత్తుకొని వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. "బిడ్డకు తానం పోయండి ఫాదరుగారూ, పుస్తకంలో మాత్రం ఎక్కించమాకండి" అన్నాడు. ఫాదరుగారు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "పోసింది దాచే అధికారం నాకెవరూ ఇవ్వలేదయ్యా" అన్నారు. ఆదివారం జ్ఞానస్నానం జరిగింది, పేరు పుస్తకానికెక్కింది. ఆ కుటుంబం తరవాత మా గుడి మెట్లెక్కలేదు. పుస్తకం లేని ఒక పాస్టరు ప్రార్థనశాలకు వెళుతోందని నాన్న చెప్పాడు. మా పల్లెల్లో కథోలికులు తగ్గి స్వతంత్ర సంఘాలు పెరగడానికి పాటలనూ స్వస్థతలనూ కారణంగా చెప్పే పండితులు ఈ బీరువాను కూడా ఒకసారి చూడాలి.

ఫాదరుగారు తప్పు చేశారని నేననను. జ్ఞానస్నానాన్ని నమోదు చేయడం విచారణ గురువుకు శ్రీసభ చట్టం విధించిన బాధ్యత. విశేషమేమంటే, అదే చట్టం గట్టి కారణముంటే బిషప్ అనుమతితో వివాహాన్ని గుట్టుగా జరిపి, మేత్రాసనంలోని రహస్య గ్రంథంలో రాసుకోనిస్తుంది. జ్ఞానస్నానానికి అటువంటి గోప్యపు ఏర్పాటు లేదు. ఎందుకుంటుంది? బిడ్డ తల మీద నీళ్ళు పడితే ప్రభుత్వం ఒక కాగితం వెనక్కి తీసుకుంటుందని రోమ్‌లో చట్టం రాసినవారు ఊహించి ఉండరు.

ఆ కాగితం సంగతి పాఠకులకు తెలిసిందే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా హిందువులు కానివారిని షెడ్యూల్డు కులాల నుంచి తప్పించింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మినహాయింపు దొరికింది. క్రైస్తవులకూ ముస్లిములకూ దొరకలేదు. అదే 1950లో వచ్చిన షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో మతం మాటే లేదు. ఫలితం మా ప్రాంతంలో కంటికి కట్టినట్టు కనిపిస్తుంది. ఉమ్మడి ఖమ్మం జిల్లాలో మధిర, సత్తుపల్లి ఎస్సీ స్థానాలు. పినపాక, ఇల్లెందు, వైరా, అశ్వారావుపేట, భద్రాచలం ఎస్టీ స్థానాలు. జ్ఞానస్నానం పొందిన కోయ యువకుడు భద్రాచలంలో నామినేషన్ వేయవచ్చు. అదే గుడిలో అతని పక్కన మోకరిల్లిన మాదిగ యువకుడు సత్తుపల్లిలో వేయలేడు. అతను మన రెండు రాష్ట్రాల లెక్కలో బీసీ-సీ. వాటా ఒక శాతం. అట్రాసిటీ చట్టం కూడా అతనికి వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన కేసులో తీర్పు చెప్పింది. కులం పేరుతో తిట్టేవాడెవడూ ముందు మతం అడగడు.

కోయలకు ఉన్నది ఎవరో చేసిన ఉపకారం కాదు, దాన్ని చూసి మేము అసూయపడవలసిందీ లేదు. పైగా అదీ నిలకడైనదేమీ కాదు. మతం మారినవారిని ఎస్టీ జాబితా నుంచి తీసివేయాలన్న డీలిస్టింగ్ ప్రచారం నడుస్తూనే ఉంది. సల్వాజుడుం రోజుల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి ఈ అడవిలో గుడిసెలు వేసుకున్న గుత్తికోయలకు ఏ దేవుణ్ణి మొక్కినా ఇక్కడ ఎస్టీ పత్రం దొరకడం గగనమే.

నా సంగతి చెప్పాలి. పదో తరగతిలో కుల ధ్రువీకరణ పత్రానికి నాన్నతో కలిసి ఒక కార్యాలయానికి వెళ్ళాను. గుమాస్తా మతం అడిగాడు. బడిలో నా పేరుకు క్రైస్తవ వాసన లేదు. మా నాన్న "హిందువులమే" అని ఉంటే పని అయిపోయేది. ఆయన అనలేదు. వారం వారం పల్లెకు సత్యం చెప్పే మనిషి. నాకు బీసీ-సీ వచ్చింది. నాన్న మీద ఆ కోపం పోవడానికి నాకు పదేళ్ళు పట్టింది.

అప్పట్లో మా బిషప్ మారంపూడి జోజి. 1988లో వరంగల్ నుంచి విడిపోయి ఏర్పడిన ఖమ్మం మేత్రాసనానికి ఆయన 1991లో బిషప్‌గా నియమితులయ్యారు. 1996లో విజయవాడకు మారి, 2000లో హైదరాబాదు అగ్రపీఠాధిపతిగా దేశంలోనే తొలి దళిత ఆర్చిబిషప్ అయ్యారు. 2022లో అదే పీఠం నుంచి పూల ఆంథోని తొలి దళిత కార్డినల్ అయ్యారు. పోప్‌ను ఎన్నుకునే సభలో కూర్చోగల ఆ మనిషి కూడా భారత చట్టం దృష్టిలో షెడ్యూల్డు కులస్థుడు కాడు. ఈ విడ్డూరాన్ని గురించి మా పల్లెలో ఒక పూట నవ్వుకున్నారు, మరో పూట నవ్వలేకపోయారు.

చట్టాన్ని తప్పుపట్టడం తేలిక. 1985లో సూసై కేసులో సుప్రీంకోర్టు ఒక ప్రశ్న వేసింది: మతం మారాక కూడా అంతే తీవ్రతతో ఆ వెనుకబాటు కొనసాగుతోందని చూపగలరా? చూపాలంటే సాక్షి కావాలి. విచారణ గురువును మించిన సాక్షి ఎవరు? ఎవరు ఏ వరుసలో కూర్చుంటారో, ఎవరి శవం ఎక్కడికి వెళుతుందో ఆయనకు తెలుసు. కానీ ఆయన నోరు విప్పితే తన గుడి మీదే సాక్ష్యం చెప్పాలి. మా పేటలో పూజ చేసి భోజనానికి మాత్రం ఊళ్ళోకి వెళ్ళిన గురువులను నేను చూశాను. పెత్తనం చేసే కులం నుంచి వచ్చి, మా ఇంట్లో నేల మీద కూర్చొని గొడ్డుకూర తిని, ఆ సంగతి ఎక్కడా చెప్పుకోని గురువునూ చూశాను. దేశంలోని కథోలిక బిషప్పుల సమాఖ్య తమలో అంటరానితనం ఉందని ఒప్పుకుంటూ దళిత సాధికారతా విధానాన్ని ప్రకటించింది 2016 డిసెంబరులో. మూడో పేరాను తొలగించాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫారసు చేసింది. ఆ నివేదికను అలా ఉంచి, 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌ను వేశారు.

ఈ నడుమ గురువు బతుకు గడుస్తూనే ఉంటుంది. ఆదివారం పెద్ద గుడిలో పూజ, తక్కిన రోజుల్లో మోటారుసైకిలు మీద ఉపకేంద్రాలు. మిరపకోతలప్పుడు జనం చేల నుంచి వచ్చేదాకా, తునికాకు రోజుల్లో కట్టలు కట్టడం అయ్యేదాకా కూర్చోవాలి. చీకటి పడ్డాక గానీ పూజ మొదలుకాదు. వానాకాలం వాగు పొంగితే గూడెంలోనే పడక. అర్ధరాత్రి అవస్థ అభ్యంగనానికి పిలుపు వస్తుంది. ఆ పిలుపుల్లో ఒక తరహా నన్ను ఆలోచింపజేస్తుంది. ఉద్యోగమంతా ఎస్సీగా చేసి, విరమించి, మంచాన పడ్డాక జ్ఞానస్నానం కోరే పెద్దలు. కాన్‌స్టంటీన్ చక్రవర్తి కూడా 337లో మరణశయ్య మీదే జ్ఞానస్నానం పుచ్చుకున్నాడు. ఆయన కారణాలు వేరు; ఆయనకు పింఛను బెడద లేదు.

పోయిన క్రిస్మసుకు ఊరికి వెళ్ళాను. మా మేనకోడలి భర్త హిందూ మాదిగ. పిల్లవాడికి రెండేళ్ళు నిండాయి, ఇంకా జ్ఞానస్నానం లేదు. 2024 నవంబరులో పుదుచ్చేరి మహిళ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును వాళ్ళిద్దరూ ఫోనులో చదివారు. తండ్రి హిందువే అయినా, చిన్ననాటి జ్ఞానస్నానపు నమోదు ఆమెకు వ్యతిరేకంగా సాక్ష్యంగా నిలిచింది. మా అక్క రోజూ పోరుతోంది. మేనకోడలు "చూద్దాంలే అమ్మా" అంటోంది.

కొత్తగా వచ్చిన విచారణ గురువు కోయ గూడేలకు వెళుతూ మా ఇంటి ముందు ఆగాడు. కుర్రవాడు, మా కులంవాడే. మొదటిసారి వచ్చినప్పుడు బిడ్డ జ్ఞానస్నానం గురించి అడిగాడట, ఈసారి అడగలేదు. పిల్లవాడి నుదుట సిలువ గుర్తు వేసి, మంచినీళ్ళు తాగి, బండి స్టార్టు చేశాడు.