వంగిన నడుమును చూసిన ప్రభువు

ఆ ఆదివారం ఆరాధన ముగిశాక గుమ్మం దగ్గర నిలబడి అందరికీ వందనాలు చెబుతున్నాను. జీవితమంతా వరినాట్లలో, కలుపుతీతలో గడిపిన ఒక వృద్ధురాలు చేతికర్ర మీద వంగి వచ్చింది. ''వందనాలయ్యగారూ! మీ పాదాలు చూసే మీరని గుర్తుపట్టాను'' అంది నవ్వుతూ. ఏళ్ల తరబడి నా ప్రసంగాలు వింటున్న ఆమె నా ముఖం చూసి ఎన్నాళ్లయిందో అప్పుడే నాకు తట్టింది.

వెన్నెముక దేవుని చేతిపనిలో ఒక అద్భుతం. పుట్టినప్పుడు అందులో సాధారణంగా 33 వెన్నుపూసలుంటాయి. మెడలో 7, ఛాతీ వెనుక 12, నడుములో 5, దాని కింద 5, తోక ఎముకలో 4. చివరి తొమ్మిదీ పెరిగేకొద్దీ అతుక్కుని రెండు ఎముకలవుతాయి. మిగిలిన 24 కదులుతాయి. తల్లి గర్భంలో శిశువు వెన్ను ముందుకు వంగి ఉంటుంది. బిడ్డ తల నిలిపే వేళ మెడ దగ్గర, కూర్చుని నడిచే వేళ నడుము దగ్గర వంపులు స్పష్టమవుతాయి. అలా మనిషి నిటారుగా నిలుస్తాడు.

ఈ స్తంభానికి ఇరువైపులా కటి నుంచి తల దాకా ఎరెక్టర్ స్పైనే అనే కండరాలుంటాయి. వాటి అడుగున చిన్న కండరాలు పూసను పూసతో పట్టి ఉంచుతాయి. మనం ముందుకు వంగేటప్పుడు కూలబడకుండా ఆపేవి ఇవే. పూర్తిగా వంగాక మాత్రం ఈ పెద్ద కండరాల పని బాగా తగ్గి, బరువు లిగమెంట్ల మీద, డిస్కుల మీద పడుతుంది. రోజంతా చేలో వంగి పనిచేసేవారి నడుంనొప్పికి ఇదొక కారణం. వయసు మీద పడి ఎముకలు గుల్లబారితే పూసలు నలిగి వీపు గూనిగా మారవచ్చు.

పద్దెనిమిదేళ్లు నడుము వంగిపోయిన ఒక స్త్రీ గురించి లూకా రాశాడు (13:10-17). ఆయన వైద్యుడు. ఆమె స్వస్థత అడిగినట్టు ఆయన రాయలేదు. ప్రభువే ఆమెను చూశాడు, పిలిచాడు, చేతులుంచాడు. సమాజమందిరపు అధికారి మాత్రం విశ్రాంతి దినం చెడిందని కోప్పడ్డాడు. ఆ రోజున ఎద్దునూ గాడిదనూ విప్పి నీళ్లకు తోలుకెళ్లేవారు అబ్రాహాము కుమార్తె కట్లు విప్పితే తప్పు పడతారా అని ప్రభువు నిలదీశాడు.

ఆ అధికారిలో నన్ను నేను చూసుకున్నాను. వేదాంత కళాశాలలో ఈ భాగాన్ని గ్రీకులో చదివాను. దీని మీద ఎన్నోసార్లు ప్రసంగించాను. నా సంఘంలోనే చివరి చాప మీద కూర్చునే ఆమె ఎదుట ఒక్కసారీ వంగలేదు.

ఆమె కోసం సంఘమంతా ప్రార్థించాం. నడుము నిటారు కాలేదు. ఎముకల డాక్టరుకు చూపించాం, మందులతో నొప్పి కొంత తగ్గింది. చాపకు బదులు చేతుల కుర్చీ వేశాం. ఆరాధన అయ్యాక నేను ఆమె ముందు నేల మీద కూర్చుని మాట్లాడతాను. మొదటిసారి అలా కూర్చున్నప్పుడు నన్ను తేరిపార చూసి, ''తల నెరిసిపోయిందే అయ్యగారూ!'' అంది. ఇద్దరం నవ్వుకున్నాం. నా కళ్లు మాత్రం చెమర్చాయి.

ప్రియులారా, దేవుడు మనకు వెన్నెముకను నిలబడటానికే కాదు, వంగటానికీ ఇచ్చాడు. శిష్యుల పాదాలు కడిగేందుకు ప్రభువు వంగాడు. తల ఎత్తలేనివారు మన చివరి వరుసల్లో ఉన్నారు. వచ్చే ఆదివారం వారి ముఖం చూసేంతగా మనం వంగుదామా?