పాలూ వద్దు... నాగస్వరమూ వద్దు!

వెండితెర మీద పాము పడగ విప్పిందంటే హాల్లో ఎవరూ కుర్చీలో కుదురుగా కూర్చోరు! 'నాగులచవితి' (1956) నుంచి 'దేవి' (1999) దాకా మనకీ మోజు తీరలేదు. సినిమా పాము పాలు తాగుతుంది, నాగస్వరానికి ఊగుతుంది. నిజం పాము ఊగేది బూర కదలిక చూసి! అంతెందుకు, 1954 హిందీ 'నాగిన్'లో దేశాన్ని ఊపేసిన ఆ నాగస్వరం కూడా క్లావియోలిన్ అనే ఎలక్ట్రిక్ వాద్యం మీద కల్యాణ్‌జీ వాయించిందే.

మరి పాముని నిజంగా ఇంట్లో పెంచుకునేవాళ్ళున్నారా? అమెరికా, బ్రిటన్‌లలో బోలెడుమంది! అక్కడ చాలామంది తెచ్చుకునేది బాల్ పైథాన్‌ని. పశ్చిమాఫ్రికాకి చెందిన చిన్నరకం కొండచిలువ. విషం లేదు. భయమేస్తే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది. ఆ పేరు అందుకే.

తొలి వారం తాకొద్దు!

కొత్తగా అత్తారింటికొచ్చిన పిల్లలా దానికీ బెరుకే. కాబట్టి మొదటి వారం ఎత్తుకోవడాలు, చుట్టాలకి చూపించడాలు బంద్. గట్టిగా మూసుకునే మూత ఉన్న పెట్టెలో ఒకపక్క 31, 32 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం, రెండోపక్క కాస్త చల్లదనం ఉండాలి. రెండువైపులా దాక్కోవడానికి చెరో గూడు, తాగడానికి మంచినీళ్ళు. అంతే!

భోజనం సంగతి

వారం తర్వాత విందు. పెట్ షాపుల్లో అమ్మే గడ్డకట్టిన ఎలుకని పూర్తిగా కరిగించి, వేడినీళ్ళలో ఉంచి వెచ్చబెట్టి, పొడుగాటి పటకారుతో అందిస్తారు. పాము ఒంటి లావుని మించిన ఎలుక పనికిరాదు. బతికున్నదాన్ని వదిలితే అదే పాముని కొరికి గాయపరచొచ్చు! పిల్లపాముకి వారానికోసారి, పెద్దదానికి రెండు మూడు వారాలకోసారి చాలు. తిన్నాక రెండ్రోజులు ముట్టుకోకూడదు, కక్కేస్తుంది.

తినకపోతే? ఇక్కడే యజమాని గుండె జారిపోతుంది. పాపం ఆకలేమోనని రోజూ ఎలుక ఊపుతూ బతిమాలతాడు. దానికి బెదురు పెరిగి ఇంకా మొండికేస్తుంది! ఎలుకని తీసేసి, వారం ఆగి మళ్ళీ పెట్టాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పాము నెలల తరబడి తినకపోయినా తట్టుకుంటుంది. బరువు తగ్గుతుంటే మాత్రం పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తాల్సిందే. దానిమీద ప్రేముంటే కాస్త దూరంగా ఉండటం నేర్చుకోవాలి.

ఇదంతా చదివి చేలో దొరికిన పాముని డబ్బాలో పెట్టేరు సుమా! మన నాగుపాము, కొండచిలువలాంటివాటిని పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. వాటిని తెర మీద చూసి ఈలేద్దాం, పుట్టలో ప్రశాంతంగా ఉండనిద్దాం!